పేదకు మూసిన ద్వారము, ధనమునకు తెరచిన మార్గము

ఓటును ధనమునుండి కాపాడుటకే ఎన్నికల శాసనములు పుట్టినవి. అవి ఎవరిని బంధించుచున్నవో, ఎవరిని విడిచిపెట్టుచున్నవో నల్లగొండ జిల్లా అనుభవమే చెప్పగలదు.

1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన గ్రామముల మొర దేశమునకు వినిపించుటకే వారిలో పెక్కుమంది నామపత్రములు వేసిరి. వారు కోరినది పదవి గాదు, మంచినీరు. ఓటుపత్రము పుస్తకమంత అయ్యెను. అదే యేడు తమిళనాట మొడకురిచ్చిలో 1,033 మంది పోటీచేసిరి. ప్రభుత్వము వెంటనే మేల్కొనెను. 500 రూపాయలుగానున్న లోకసభ ధరావతు ఆ యేడే 10,000 అయ్యెను. గుర్తింపుగల పక్షము నిలుపని అభ్యర్థికి పదుగురు ప్రతిపాదకులు కావలెనని విధింపబడెను. నేడు ఆ ధరావతు 25,000 రూపాయలు. పోటీ నడపుటకు కొంత కట్టడి అవసరమే; కాదనము. ధనము విషయమున ఈ చురుకుదనము ఏమయ్యెనన్నదే మా ప్రశ్న.

అభ్యర్థి వ్యయమునకు మితి కలదు. 2022 నుండి పెద్ద రాష్ట్రములలో అది శాసనసభకు 40 లక్షలు, లోకసభకు 95 లక్షలు. ఫలితము వెలువడిన 30 దినములలో లెక్క చూపవలెను. కాని పక్షముల మొత్తము వ్యయమునకు మితియే లేదు. అభ్యర్థి ఎరుకతో పక్షము చేసిన వ్యయమును అతని లెక్కలోనే చేర్చవలెనని 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, కొలది దినములలోనే ఆర్డినెన్సుచే దానిని నిరర్థకము గావించిరి. 2003లో ఆ మినహాయింపును నాయకుల ప్రయాణవ్యయమునకు కుదించిరి; పక్షముల సాధారణ ప్రచారవ్యయము మాత్రము నిరాటంకముగనే యున్నది. దాతల పేర్లు దాచిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేయుట మేలే. వచ్చు దారి కొంత వెలుగు చూచినది. పోవు దారి చీకటిలోనే యున్నది.

ఆ చీకటి ఫలము 2022 నవంబరు 3న మునుగోడు ఉపఎన్నికలో కన్పట్టెను. ఒక్క శాసనసభ స్థానమునకై మూడు ప్రధానపక్షములు తమ బలగముల నన్నిటిని దింపెను. కోట్ల రూపాయల నగదు పట్టుబడినట్లు అధికారులే ప్రకటించిరి. పోలింగు నూటికి 93 వరకు సాగెను. అది ప్రజాచైతన్యమని సంతోషింతుము; కాని తమకు రావలసిన డబ్బు రాలేదని ఓటర్లు వీధికెక్కిన వార్తలు చదివి తలవంచుకొంటిమి.

ఈ నేల ఓటు సహజముగనే అమ్ముడువోవునదని యెవరైన అన్నచో అది అపవాదు. 1952లో రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికంటె నెక్కువ ఓట్లిచ్చిన ప్రజలు వీరే. ఆనాడు వారిని నడపినది నోటు గాదు, పోరాట స్మృతి. చెడినది ప్రజ గాదు. పక్షములు వారికి నేర్పిన బేరము.

కావున పక్షముల వ్యయమునకు నియోజకవర్గమువారీగ మితి విధింపవలెను. ప్రచారము నడచుచుండగనే లెక్కలు ప్రకటింపవలెను. శాసనము వచ్చుదనుక గ్రామములలో పలుకుబడిగల పెద్దలు నోట్లు పంచు చేతులకు తమ వాకిళ్లు మూయవలెను. 500 రూపాయలతో నీరడిగిన పేదవానికి ద్వారము మూయుటకు ఏడాది పట్టలేదు. కోట్లతో వచ్చు ధనమునకు ద్వారము మూయుటకు ఏబదియేండ్లును చాలలేదనిన, లోపము శాసనజ్ఞానమునదా, సంకల్పమునదా?