దొంగ అనేముందు రాయడం నేర్పారా?

తోటి పరిశోధక విద్యార్థులకు, అధ్యాపకులకు,

పోయిన వారం మా హాస్టల్లో ఒక అన్న థీసిస్ వెనక్కొచ్చింది. ఐదేళ్లు తెల్లవారకముందే చెరువుగట్లు పట్టుకు తిరిగి, సీసాల్లో నీళ్లు నింపుకొచ్చి, ల్యాబులో కొలిచి రాసిన థీసిస్. 38 శాతం కాపీ అని సాఫ్ట్‌వేర్ తేల్చింది. రిపోర్టు తెరిచి చూశాం. ఆయన కొలిచిన అంకెల దగ్గర ఎర్రగీత ఒక్కటి లేదు. ఎరుపంతా రెండో చాప్టర్లోనే, రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో. పేరాలకు పేరాలు ఎత్తి రాసి, ప్రతిదాని చివరా రచయిత పేరు, సంవత్సరం బుద్ధిగా వేశాడు. "పేరు రాశాను కదరా, ఇంకేం దాచాను?" అంటాడు. పేరు వేసినా సరే, మాటలు ఎదుటివాళ్లవైతే కొటేషన్ గుర్తులు పెట్టాలని, లేదా పుస్తకం మూసేసి సొంత మాటల్లో చెప్పాలని ఐదేళ్లలో ఆయనకు చెప్పిన నాథుడు లేడు.

యూజీసీ 2018 నియమాల్లో శిక్షలకు మెట్లున్నాయి. 10 శాతం దాటితే ఆరు నెలల్లో సవరించాలి. 40 దాటితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ప్రతి సెమిస్టర్‌లో అవగాహన సదస్సులు పెట్టాలన్న మాటా అందులోనే ఉంది, అదెవరికీ గుర్తుండదు. 30 గంటల ఎథిక్స్ కోర్సు ఉంది కదా అంటారు. ఉంది. ప్లేజియరిజం నిర్వచనాన్ని బట్టీ పట్టి అందులో మార్కులు తెచ్చుకున్నాం!

నవ్వొస్తే నవ్వండి, కానీ మేం పెరిగిందే అలా. ఆరో తరగతిలో టీచరు బోర్డు మీద రాసిన ఎస్సేని కామా తప్పకుండా దించినవాడికి ఫస్టు మార్కు. పదిలో గైడు పుస్తకం. ఇంటర్లో క్వశ్చన్ బ్యాంకు. డిగ్రీలో పరీక్షకు ముందురోజు రాత్రి జిరాక్సు నోట్సు. సొంతంగా రెండు వాక్యాలు రాస్తే "ఇది బుక్కులో లేదు" అని కొట్టేశారు. పదిహేనేళ్లపాటు ఏ పనికి మార్కులేశారో, పీహెచ్‌డీకి వచ్చాక ఆ పనికే దొంగతనమని పేరుపెట్టారు.

గైడ్లను అడుగుతున్నాం. చాప్టర్ ఇచ్చి నాలుగు నెలలు తిరిగితే "ఇంగ్లీషు ఇంప్రూవ్ చేసుకో" అని వెనక్కిస్తారు. ఎక్కడ, ఎలా? మార్జిన్‌లో ఒక్క ప్రశ్నార్థకమైనా పెట్టారా? థీసిస్ మీద మీ సంతకం ఉంటుంది, శిక్ష మాత్రం మాకా?

మీరు వదిలేసిన చోట జిరాక్సు షాపువాడు దూరాడు. పేజీకింతని తీసుకుని "శాతం తగ్గిస్తాం" అంటాడు. ఆ అన్నా వెళ్లాడు. తిరిగొచ్చిన పేజీల్లో డిజాల్వ్డ్ ఆక్సిజన్ కాస్తా డిసింటిగ్రేటెడ్ ఆక్సిజన్ అయింది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ముక్కలైపోయింది. శాతం తగ్గింది, శాస్త్రం చచ్చింది.

మేం థీసిస్ రాయాల్సింది ఇంగ్లీషులో. భాషకు ముందే ఏర్పాట్లు చేసిన రోజులూ ఉన్నాయి. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టకముందే పాఠ్యపుస్తకాల కోసం అనువాద విభాగం తెరిచారు. భాష ముందు, తలుపులు తర్వాత. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ఇంగ్లీషు బోధన కోసమే హైదరాబాద్‌లో 1958లో కేంద్ర సంస్థ కూడా వచ్చింది. జువాలజీ, కామర్స్, చరిత్ర చదివే పిల్లలు ఇంగ్లీషులో ఒక వాదనను ఎలా నిలబెట్టాలో నేర్పడం మాత్రం ఎవరి లెక్కలోనూ లేకపోయింది.

తెలుగులో రాసుకోమంటారా? అంతర్జాతీయ జర్నళ్లను తెలుగులోకి తెచ్చాక మాట్లాడదాం. ఏఐతో రాయించుకోమంటారా? చెరువులో దిగింది ఏఐ కాదు.

మేం అడిగేది డబ్బుతో పనిలేనిది. పీహెచ్‌డీ మొదటి ఏడాది వారానికి ఒక రాత గంట. చదివిన ఒక వ్యాసాన్ని 200 మాటల్లో సొంతంగా రాయాలి, గైడు పెన్నుతో దిద్దాలి, మళ్లీ రాయాలి. సాఫ్ట్‌వేర్‌ను ఆఖరి రోజున కాదు, మొదటి చాప్టర్ నుంచే మా చేతికివ్వాలి. దిద్దిన ప్రతులు ఫైల్లో లేకుండా ఏ గైడూ థీసిస్ మీద సంతకం పెట్టకూడదు. ఆ అన్న థీసిస్‌కు ఆరు నెలల గడువు ఉంది, ఆ గంట ఆయనతోనే మొదలుపెట్టండి.

సోమవారం పదింటికి పరిపాలనా భవనం మెట్ల దగ్గరకు రండి. గైడుగారు దిద్దిన కాగితం ఒక్కటైనా ఉంటే తెచ్చి చూపించండి. లేనివాళ్లు తెల్లకాగితం పట్టుకురండి.

— కొందరు పరిశోధక విద్యార్థులు