కత్తిరించిన పుటల విలువ

1962వ సంవత్సరము ఆగస్టు నెల పేర అమెరికాలో వెలువడిన ‘అమేజింగ్ ఫాంటసీ’ అను బొమ్మల పత్రిక పదునైదవ సంచిక, స్టాన్ లీ కథనముతోను స్టీవ్ డిట్కో చిత్రములతోను స్పైడర్‌మ్యాన్ అను వీరుని లోకమునకు తొలిసారి చూపినది. పండ్రెండు సెంట్లకు అమ్ముడుపోయిన ఆ సంచిక ప్రతి యొకటి 2021లో వేలమున 36 లక్షల డాలర్లు పలికినది. సూపర్‌మ్యాన్ అవతరించిన 1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి యొకటి 2024లో 60 లక్షల డాలర్లకు చేతులు మారినది. వీరుడు మొదట కనబడినది, ప్రతినాయకుడు పుట్టినది, ప్రియమైన పాత్ర మరణించినది, ఇట్టి సంచికలను సేకర్తలు ‘కీ ఇష్యూ’లని వ్యవహరింతురు, 1973లో గ్వెన్ స్టేసీ చనిపోయిన 121వ స్పైడర్‌మ్యాన్ సంచికకు గల ఖ్యాతి అట్టిదే.

సూర్యాపేటలోను, కోదాడలోను, మిర్యాలగూడలోను చదువుకొనుచున్న నేటి యువకులు స్పైడర్‌మ్యాన్ ఏ నెలలో పుట్టెనో, అతని ప్రథమ చిత్రకారుడెవరో, ఏ సంచికలో ఏ శత్రువు ఎదురయ్యెనో తడుముకొనకుండ చెప్పగలుగుట చూచి పెద్దలు కొందరు పెదవి విరుతురు. నాకు మాత్రము ఆ జ్ఞానము మీద గౌరవము కలుగుచున్నది. ఒక పత్రికను నెలతో, సంవత్సరముతో, సంచికా సంఖ్యతో, చిత్రకారుని పేరుతో గుర్తించి భద్రపరచుట పండితుడు తాళపత్రము పట్ల చూపు శ్రద్ధకు ఏ మాత్రమును తీసిపోదు. ఆ శ్రద్ధకు లోటు లేదు. దానికి తగిన వస్తువు మన యిండ్లలోనే అటకల మీద ఉండగా అది అక్కడికి చేరలేదన్నదే నా విచారము.

ఆ అమెరికా బొమ్మల పత్రికల విపణిలో ఒక కఠిన నియమము కలదు. 1974 నవంబరు నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచికలో వుల్వరిన్ అను వీరుడు మొదటిసారి పూర్తి కథలో పాల్గొనెను. ఆ రోజులలో మార్వెల్ సంస్థవారు తమ పత్రికల లోపలి పుటలలో చిన్న స్టాంపు బొమ్మను అచ్చువేసి, దానిని కత్తిరించి దాచుకొండని బాలురను ప్రోత్సహించిరి. బాలురు ఆ మాట విని కత్తెర పట్టిరి. నేడు ఆ స్టాంపు లేని ప్రతి, తక్కిన పుటలన్నియు ఎంత నిర్మలముగా నున్నను, అంగహీనముగా లెక్కింపబడి ధరలో పెక్కు రెట్లు తగ్గిపోవుచున్నది. ముట్టని ప్రతికే మన్నన. దానికి పదింట ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతముగా మూసివేయుదురు. చదువుటకై పుట్టిన పుస్తకమును తెరువరానిదిగా చేయుట గౌరవ మనుటకు నా మనస్సు అంగీకరింపదు.

ఈ నియమమును మన తెలుగు గృహములకు వర్తింపజేసినచో మన సంపద యంతయు చిత్తుకాగితమని తేలును. ఏలయన మనవారు కత్తిరించుటచేతనే దాచినారు. వారపత్రికలో ధారావాహిక ముగియగానే ఆ పుటలను మాత్రము ఊడదీసి, వరుస కూర్చి, సూదిదారముతో కుట్టియో, బైండు చేయు వానికిచ్చి కాలికో అట్ట వేయించియో పుస్తకముగా చేసికొనుట మొన్న మొన్నటివరకు ప్రతి చదువరి యింటను ఉన్న ఆచారము. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరియు, వరితో బియ్యపు మిల్లులును పెరిగిన మిర్యాలగూడలో గుమాస్తా యిండ్లయందును, హైదరాబాదు–విజయవాడ రహదారి మీది సూర్యాపేట, కోదాడలలో ఉపాధ్యాయుల యిండ్లయందును ఇట్టి బైండు పుస్తకములు ఇంకను కనబడును. వీనిలో మకుటాయమానములు చందమామ బైండులు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసునుండి ఆరంభించిన చందమామకు 1952 మొదలు 1980లో మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు సారథ్యము వహించిరి. ఆ పత్రికలో నెలనెలా వచ్చిన వీరుడొకడు కలడు. చెట్టుపైనుండి శవమును దించి భుజమున వేసికొని శ్మశానమునకు మౌనముగా నడచుచు, బేతాళుని ప్రశ్నకు ఉత్తరమిచ్చి మౌనభంగముచే శవమును కోల్పోయి, మరుసటి నెల మరల అదే చెట్టుకడకు పోవు విక్రమార్కుడు, అమెరికా వీరులవలెనే, వయస్సు మీరనివాడు, ఎప్పటికిని అలయనివాడు. సంస్కృతమునందలి ఇరువదియైదు కథలు ముగిసిన పిమ్మటను అతని నడక ఆగలేదు. సంపాదకవర్గము కొత్త కథలల్లి దశాబ్దములపాటు అతనిని నడిపించినది. కత్తి దూసి, శవమును మోయుచు నడచు ఆ రాజమూర్తిని తెలుగు బాలుర కన్నులలో నిలిపిన చిత్రకారుడు శంకర్ 2020లో దివంగతుడయ్యెను. అతని చేతి విక్రమార్కుడు తొలిసారి కనబడిన సంచిక ఏ యింట నున్నను, అది మన భాషకు ‘కీ ఇష్యూ’యే కదా!

అంతకంటెను నన్ను ఆకర్షించునవి దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు. 1954 నాటి ‘తోకచుక్క’ మొదలు ‘భల్లూక మాంత్రికుడు’ వరకు, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’ వంటివి చిత్రాగారి బొమ్మలతో వెలువడుచుండగా, పత్రికలో రచయిత పేరు అచ్చుపడలేదు. బాలురు ఆ కథలలోని వీరుడు పింగళుని ప్రేమించిరి గాని, ఆ పింగళుని సృజించిన వానిని ఎరుగరు. పేరు లేని ఆ రచనలను నిలిపినది ఎవరు? కత్తెరయు, సూదిదారమును పట్టిన పాఠకులే. ఆ ధారావాహికలు తరువాతి కాలమున వాహిని బుక్ ట్రస్టు ద్వారా పుస్తకరూపము దాల్చినప్పుడు తెలుగువారు ఎంత ఆదరముతో స్వీకరించిరో, ఆ ఆదరమునకు వెనుక ఈ బైండుల నుండి కథ చదివిన తరముల జ్ఞాపకము కలదు.

బైండుకు లోపము లేకపోలేదు. పుటలు ఊడదీసినప్పుడు వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రములు పారవేయబడినవి. నెల, సంవత్సరము తెలియజేయు ఆధారము తెగిపోయినది. అయితే ఊడదీసిన పుట వెనుకవైపున మరియొక కథ తునకయో, ఆ నెలకు చెందిన ప్రకటనయో మిగిలియుండును. దానినిబట్టి సంచికను గుర్తించుట అసాధ్యము కాదు. స్పైడర్‌మ్యాన్ సంచికల సంఖ్యలు కంఠస్థము చేసిన కోదాడ యువకునికి ఆ పని చిటికెలోనిది. ఆ మేధ ఈ తావున ఎంత ఉపకరించునో తలచుకొన్నచో నాకు ఉత్సాహము కలుగుచున్నది.

కాలము మాత్రము మనవైపు లేదు. పత్రికా కాగితము తనలోని ఆమ్లముచేతనే పసుపెక్కి పెళుసగును. పిన్నులు తుప్పుపట్టి పుటను తినివేయును. చెదలు, వానకాలపు చెమ్మ సరేసరి. సెల్లోటేపు అంటించుటయు, లామినేషను చేయించుటయు రక్షణ కాదు, హాని. గాలి ఆడు చోట, నేలకు ఎత్తుగా, శుభ్రమైన గుడ్డలో చుట్టి యుంచుట మేలు. వీనియన్నింటికంటె పెద్ద శత్రువు తూకము. ఇల్లు మారునప్పుడు, పెద్దలు గతించినప్పుడు, చందమామ కట్టలు కిలోల లెక్కన పాత కాగితముల బండి ఎక్కుచున్నవి. ఆ బండినుండి తప్పించుకొన్న కొన్ని మాత్రమే హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారపు పుస్తకముల బజారుకు చేరి, కొనగలిగిన వాని కొరకు ఎదురుచూచుచున్నవి. మన యింట నుండి పోయినదానిని మన బిడ్డలు అక్కడ వందల రూపాయలకు కొనవలసి వచ్చుచున్నది.

1918లోనే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయము వెలసిన ప్రాంతమిది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్న పురప్రజలము మనము. ఆ హక్కుతోనే అడుగుచున్నాను: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గ్రంథాలయములలో ఒక్కొక్క యినుప బీరువా ఈ బైండుల కొరకు ప్రత్యేకింపవలెను, ముఖచిత్రము లేదని, పుట చిరిగినదని, అట్ట మీద ఎవరి పేరో సిరాతో వ్రాసియున్నదని త్రిప్పి పంపక, ఇచ్చిన దినము, ఇచ్చిన వారి ఊరు, లోపలి కథల పేర్లు రిజిస్టరులో ఎక్కించి పుచ్చుకొనవలెను, ఎరువివ్వకున్నను, అక్కడనే బల్ల మీద తెరచి చదువుటకు ఎవరినైనను అనుమతింపవలెను. నెలలు, సంచికలు గుర్తించు పని ఈ కామిక్స్ యువకులకు అప్పగింపుడు. వానలు జూన్‌లో మొదలగును. బీరువా అంతకు ముందే రావలెను.