బీగాలగుత్తికి చప్పట్లు!

పుంగనూరులో మాట్నీ. తెరమీద ఫైటింగు జోరుగా ఉంది. నా ముందు వరసలో ఓ కుర్రాడు ఉన్నట్టుండి కొయ్యబారి, కిందపడి కొట్టుకోసాగాడు. "ఫిట్సు! చేతిలో ఇనుం పెట్టండ్రా!" అని కేకలు. నా బీగాలగుత్తి పెట్టాను. రెండు నిమిషాల్లో నెమ్మదించాడు. హాలంతా చప్పట్లు... గుత్తికి! కుర్రాడు మాత్రం కాసేపటికి తేరుకుని, తలొంచుకుని వెళ్లిపోయాడు.

మదనపల్లె చేరేదాకా నేనే హీరోని. తర్వాత కుప్పంలో ఉండే డాక్టరు మిత్రుడు గాలి తీసేశాడు. "ఫిట్సు మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. నీ గుత్తి, ఫైటంతా అయ్యాక వచ్చే పోలీసు జీపులాంటిది!"

మెదడులోని కణాలు సన్నని కరెంటుతో మాట్లాడుకుంటాయట. గుంపుగా ఒక్కసారే అరిస్తే ఫిట్సు. చేతిని ఆడించే చోట మొదలైతే చెయ్యి కొట్టుకుంటుంది. చూపు చోట అయితే వెలుగులు కనిపిస్తాయి. దెయ్యమూ కాదు, అంటురోగమూ కాదు. చాలామందికి మందులతో అదుపులో ఉంటుంది.

మిత్రులారా! అదిమి పట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. తలకింద మెత్తటిదేదైనా ఉంచండి, కొట్టుకోవడం ఆగగానే పక్కకి తిప్పండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోను.

ఆ కుర్రాడు మళ్లీ కనబడితే పక్క సీట్లో కూచుని మిగతా సినిమా చూస్తాను. గుత్తి జేబులోనే ఉంటుంది!