ఆజ్ఞలకు ముందేమున్నది?

"మీ మతమున నేమి చెప్పుదురు?" అని పొరుగువా రడిగినప్పుడు మనవారిలో పెక్కురు ఇచ్చు ప్రత్యుత్తరము నిషేధముల పట్టికగా నుండును. ఆ గుడికి పోము, ఆ ప్రసాదము ముట్టము, ముహూర్తములు చూడము. అడిగినవాడు తల యూపి వెడలిపోవును. క్రైస్తవ మనగా కాదు, కూడదు అను మాటల మూట యని యతడు తలచినచో తప్పెవరిది? విశ్వాసమును పిల్లలకు నేర్పుటయందును, ఇతరులకు తెలుపుటయందును పెక్కుచోట్ల వరుస తారుమారైనదని మా యభిప్రాయము.

వరుసను మేము కల్పించుట లేదు. త్రెంతు మహాసభ పిమ్మట 1566లో ఐదవ పయస్ పాపుగారు విచారణ గురువుల కొరకు వెలువరించిన సత్యోపదేశ గ్రంథము నాలుగు భాగములు గలది. మొదట విశ్వాస సంగ్రహము, పిదప దివ్య సంస్కారములు, అటుపిమ్మట పది యాజ్ఞలు, చివర పరలోక జపము. 1992లో రెండవ జాన్ పాల్ పాపుగారు ప్రకటించిన గ్రంథమును ఈ వరుసనే యనుసరించినది. ఆజ్ఞలకు మూడవ స్థానము! విశ్వాస సంగ్రహమున 'చేయుము', 'చేయకుము' అను మాట యొక్కటియు లేదు. తండ్రి సృష్టించెను, కుమారుడు మనుష్యుడై పుట్టెను, సిలువపై మరణించెను, లేచెను. అన్నియు దేవుని కార్యములే. ఆజ్ఞలనైనను నిర్గమకాండమున తెరచి చూడుడు. ఐగుప్తు దాస్యమునుండి ప్రజలను విడిపించినవాడను తానే యని దేవుడు మొదట జ్ఞాపకము చేసి, ఆ పిమ్మటనే విధించెను. పిల్లలు వల్లించు సంక్షిప్త పాఠమున తరచుగా ఆ మొదటి వాక్యమే జారిపోవును. బెత్తము మాత్రము మిగులును.

సంస్కారముల సంగతియు నిట్టిదే. జ్ఞానస్నానము పొందు పసిబిడ్డ యేమి చేసినది? ఏడ్చుట తప్ప మరేమియు చేయలేదు. అయినను వరప్రసాదము దానికి లభించుచున్నదని శ్రీసభ బోధించుచున్నది. అది చేసిన పనికి కూలి గాదు, అడుగకమున్నే యిచ్చిన దానము. ఏడు సంస్కారముల పేర్లను ఊపిరి తిప్పుకొనక చెప్పు బాలుడు ఈ సంగతి యడిగినచో నిలిచిపోవును. (తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవలయునని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. సత్యోపదేశపు గంటలో ఆ సూత్రము గడప దాటి లోనికి రాకున్నది.)

ఇక వ్యాప్తి విషయము. విశ్వాసవ్యాప్తికై రోమునగరమున 1622లో స్థాపింపబడిన సంఘము, 1659లో చీనా, ఇండోచైనా ప్రాంతముల కేగు అధికారులకు ఒక యుపదేశ మొసగినది. మతమునకును నీతికిని స్పష్టముగా విరుద్ధములు గాని ప్రజల యాచారములను మార్పజూడవలదనియు, ఐరోపాను వెంట మోసికొని పోవలదనియు దాని సారము. మామిడి తోరణమును, బొట్టును విశ్వాసమునకు శత్రువులని వాదించువారు ఆ పత్రమును చదివిన మంచిది. 1965 డిసెంబరు 7వ తేదీన రెండవ వాతికాను మహాసభ వెలువరించిన పత్రములలో ఒకటి సువార్తను ప్రకటించుట శ్రీసభకు స్వభావసిద్ధమనుచున్నది. మరియొకటి విశ్వాస విషయమున ఎవరిని బలవంతపెట్టరాదనుచున్నది. ఇవి పరస్పర విరుద్ధములని కొందరి తలంపు. మాకట్లు తోచదు. బలవంతముగా చేతిలో కుక్కినచో అది దానమెట్లగును? ఆశ చూపి రప్పించుటను గూడ ఆ మొదటి పత్రమే నిషేధించుచున్నది.

మన పాఠశాలలో అన్ని మతముల పిల్లలును చదువుచున్నారు గనుక ఈ మాట మనకు దగ్గరిది. రాజ్యాంగమునందలి 25వ అధికరణము మతప్రచార స్వాతంత్ర్యము నిచ్చుచున్నది. అయితే ప్రచార మనగా ఇతరుని మతము మార్పించు హక్కు గాదని సుప్రీం కోర్టు 1977లో తీర్పు చెప్పినది. ప్రభుత్వ గుర్తింపో సహాయమో గల విద్యాలయమున పెద్దల సమ్మతి లేక బాలుని మతబోధకు కూర్చుండబెట్టరాదని 28వ అధికరణము. సత్యోపదేశమును కంఠస్థము చేసిన అన్యమత బాలలకు బహుమానము లియ్యవలయునని సదుద్దేశముతోనే కోరువారు గలరు. మేము దీనికి సమ్మతింపము. పలకకో పుస్తకమునకో ఆశపడి వల్లించిన విశ్వాస సంగ్రహము విశ్వాసమును గాదు, విద్యయు గాదు. పైగా ఆ బిడ్డ తలిదండ్రులు మనయం దుంచిన నమ్మకము చెడును.

అట్లని నోరు మూసికొని యుండుమనుట లేదు. పిల్లలు తామే యడుగుదురు. దేవాలయమున సత్ప్రసాద పేటిక చెంత ఎఱ్ఱని దీపమేల యెల్లప్పుడు వెలుగుచున్నదని యొక హిందూ బాలు డడుగవచ్చును. అఖండదీపమును చూచిన యింటి బిడ్డకు అది వింతగాదు, సగము తెలిసినదే. "లోనికి పోకుము, ముట్టకుము" అని కసరు పెద్దలు గలరు. అట్లుగాక, అచట ఎవరున్నారని మనము నమ్ముచున్నామో, ఆయన మనకొరకేమి చేసెనని నమ్ముచున్నామో రెండు మాటలలో చెప్పుడు. అతడు మరియొక ప్రశ్న యడిగిన దానికిని బదులు చెప్పుడు. అడుగనిచో గంట కొట్టువరకు ఆడుకొననిండు.