పిట్ట ముట్టింది, విమర్శ ముట్టలే

'బలగం' 2023 మార్చి 3న విడుదలైంది. అప్పటినుంచి దాని మీద నేను చదివిన రివ్యూల్లో ఎక్కువభాగం రెండు మాటల దగ్గరే ఆగిపోయినయ్: 'మట్టి వాసన', 'కన్నీళ్లు ఆగలేదు'. ఇంకో సినిమాకైతే పొగడ్త అనుకోవచ్చు. దీనికి మాత్రం తప్పించుకునే దారి.

ఊళ్లల్ల తెర కట్టి ఆడిస్తే జనం ఏడ్చిన్రు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిన్రని వార్తలొచ్చినయ్. మా బాన్సువాడ దిక్కు ఎవరినడిగినా అది మా ఇంటి పంచాయతే అంటరు. వాళ్లతో నాకు పేచీ లేదు. విమర్శకుడు కూడా అదే ఏడుపు ఏడ్చి, స్టార్లు వేసి లేచిపోతే ఎట్ల?

కథ గుర్తు చేసుకోండి. నల్లి బొక్క దగ్గర అల్లుడు నారాయణకీ కొడుకు ఐలయ్యకీ లొల్లి. కొట్లాడింది ఇద్దరు మొగోళ్లు, ఇరవై ఏండ్లు పుట్టింటికి దూరమైంది లక్ష్మి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడబిడ్డకు వారసత్వ ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది (అప్పటికే పెళ్లయినవాళ్లకు అప్పట్ల వర్తించలే, అది వేరే దుఃఖం). ఆ గడప మీద లక్ష్మి హక్కేంటని అడిగిన రివ్యూ నాకు కనబడలే.

కట్నం డబ్బుతో అప్పు తీర్చుకుందామనుకున్న సాయిలుకు తాత పోయినందుకన్నా లగ్గం ఆగినందుకే బాధెక్కువ. పిండం పిట్ట ముట్టకపోతే ఊరంతా భయపడుతది, ఆ భయంతోనే ఇల్లు కలుస్తది. ప్రేమ కలిపిందా, భయం కలిపిందా? ఇంత పదునైన ప్రశ్నను 'సెంటిమెంట్' అని డబ్బాలో పెట్టేసిన్రు.

ఫిలిప్పీన్స్ దర్శకుడు బ్రిల్లాంటే మెండోజా 'సెర్బిస్' 2008లో కాన్స్ పోటీకి వెళ్లింది. బూతు సినిమాలాడే పాత థియేటర్‌లోనే కాపురముండే కుటుంబం కథ. ఆ థియేటర్ పేరు 'ఫ్యామిలీ'! విమర్శకులు రెండుగా చీలిన్రు, కొందరు ఛీ అన్నరు. సినిమా కుటుంబాన్ని ఏం చేస్తున్నదో చూసిన్రు గనకనే చీలిన్రు. మన దగ్గర చీలిక లేదు, అందరిదీ ఒకటే రుమాలు.

'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డొచ్చింది, సంతోషం. క్లైమాక్స్‌ను మోసింది మాత్రం మొగిలయ్య, కొమురమ్మల గొంతులు. చావింటి ముంగట చనిపోయినాయన కథ పాడి బతికే కళ అది. దానికి చాలా రివ్యూల్లో దక్కింది ఒక వాక్యం. మొగిలయ్య గురించి నాలుగు పేరాలు చదవాలంటే 2024 డిసెంబర్‌లో ఆయన చనిపోయేదాకా ఆగాల్సొచ్చింది.