కరెంటు విమానం, మన ఊరి రైలు

కరెంటు కారు వచ్చింది కదా, కరెంటు విమానం ఎందుకు రాదు? ఈ ప్రశ్న మన విద్యార్థి మిత్రుల నోట తరచు వినబడుతున్నది. పెనుకొండ దగ్గరే కార్ల ఫ్యాక్టరీ, హిందూపురానికి దగ్గర్లోనే దేవనహళ్ళి విమానాశ్రయం ఉన్నచోట ఈ ప్రశ్న సహజమే.

ప్రపంచం గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో విమానాల వంతు సుమారు 2.5 శాతం. కిలో కిరోసిన్ మండితే మూడు కిలోలకు పైగా ఆ వాయువు పుడుతుంది. కాబట్టి ఆశ మంచిదే. కాని లెక్క కూడా చూడాలి గదా! కిలో కిరోసిన్‌లో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటే, కిలో బ్యాటరీలో ఉండేది పావు యూనిట్. జెట్ ఇంజనుకన్నా మోటారు పొదుపైనదే. అయినా టన్ను కిరోసిన్ చేసే పనికి సుమారు 20 టన్నుల బ్యాటరీలు కావాలి. పైగా కిరోసిన్ తరిగేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు తగ్గదు. 2020లో యూరప్‌లో అనుమతి పొందిన కరెంటు విమానంలో ఇద్దరికే చోటు. నాలుగు ఇంజన్లలో ఒకదాని బదులు మోటారు పెట్టి చూద్దామని ఎయిర్‌బస్, రోల్స్‌రాయిస్ తలపెట్టిన ప్రయత్నం కూడా అదే ఏడు, ఎగరకముందే ఆగిపోయింది.

అయితే చేతులు ముడుచుకు కూర్చోవాలా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్లుంది మన పని. వందలమందిని కరెంటుతో మోసే బండ్లు ధర్మవరం, పెనుకొండ, హిందూపురాల మీదుగా రోజూ పోతూనే ఉన్నాయి. రైలు తన శక్తిని తాను మొయ్యదు, తీగ నుంచి తీసుకుంటుంది. అదే దాని బలం.

"ఆ కరెంటు బొగ్గుతో వచ్చిందే కదా?" అంటారు. చాలావరకు నిజమే. కాని కరెంటు పుట్టే చోటును మార్చుకోవచ్చు. మన ఎన్.పి. కుంటలో 2016 నుంచి ఎండే కరెంటవుతున్నది. దానికోసం రైలును మార్చనక్కరలేదు.

చిక్కంతా వేగంలో ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ-యశ్వంతపూర్ వందేభారత్‌కు 600 కిలోమీటర్ల పైచిలుకు దూరానికి అప్పుడు పెట్టిన సమయం ఎనిమిదిన్నర గంటలు! విమానాశ్రయానికి పోయి, అక్కడ కాచుకుని, ఎగిరి దిగినా అందులో సగమే పడుతుంది. అదే రైలు అయిదు గంటల్లో చేరిస్తే విమానం ఎక్కేవాళ్లలో చాలామంది ఇటే వస్తారు.

సముద్రాలు దాటే విమానాలకు కొత్త ఇంధనం వెతకవలసిందే; రేపటి ఇంజనీర్లయిన మీరే ఆ పనికి పూనుకోవాలి. అంతవరకు మన ముంగిట్లోని పట్టాల మీద వేగం పెంచమని అడగడం మాత్రం మనందరి పని. ఈ ఏడే ఎందుకు అడగరాదు?