చెఱువులకు కాపరి యెవరు?

చెఱువు నీరు చెడుట పారిశుద్ధ్యపు విషయమనియు, చెఱువులో బిడ్డలు మునుగుట విధివిలాసమనియు మన గ్రామపెద్దలు భావించుచున్నారు. ఈ రెండింటికిని మూలము చెఱువునకు కాపరి లేకపోవుటయే యని మా దృఢాభిప్రాయము.

వేములపల్లి ప్రాంతమునే చూతము. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచిన పిదప, ఎడమ కాలువ క్రింద నీ సీమ వరిపొలములతో నిండినది. పొరుగున మిరియాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. ఈ యభివృద్ధి యెల్లరకును సంతోషకరమే. కాని కాలువ వచ్చినకొలది చెఱువుపై మమకారము తగ్గినది. పూర్వము తూమును, కట్టను కనిపెట్టుకొని నీరటికాడుండెడివాడు. చెఱువును బాగుచేసినవారికి దశబంధపు మాన్యములుండెడివి. 2015లో నారంభమైన మిషన్ కాకతీయ పనులలో వేలకొలది చెఱువుల పూడిక తీసిరి. పూడిక తీసినవారు వెడలిన పిమ్మట వానిని చూచువారెవరు?

1562 నాటి హైదరాబాదు హుస్సేనుసాగరము ఒకప్పుడు నగరమునకు త్రాగునీరొసగినది. మురుగును, కర్మాగారముల వ్యర్థజలమును చేరి దాని గతి యేమైనదో యెల్లరెఱుగుదురు. పల్లె చెఱువులకు నీ యపాయము దూరమున లేదు. పొలములలో మితిమీఱి చల్లిన యూరియా, భాస్వరపు టెరువులు వానకు కొట్టుకొనివచ్చి, ఇండ్ల మురుగుతో కలిసి పచ్చని నాచును పెంచును. అది క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తఱిగి చేపలు చచ్చును. కొన్ని జాతుల నాచు విషమును పుట్టించును. నీటిని కాచినను ఆ విషము పోదు. అట్టి నీరు త్రాగిన పశువులకు ప్రాణాపాయము.

ఇక రెండవ కీడు. 2021లో ప్రపంచమున 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ యంచనా. వారిలో ఇంచుమించు నాల్గవవంతు అయిదేండ్లు నిండని శిశువులు. మన చెఱువులలో ఇటుకబట్టీలకై మట్టి నెగుడుదిగుడుగా త్రవ్వి విడుతురు. వానలకు గోతులు నిండినంతనే నీటిమట్టము సమముగ కనబడును. మోకాలిలోతున నాడుకొను బిడ్డ మఱుసటి యడుగున నిలువులోతున పడును.

మేము కోరునవి సులభసాధ్యములు. మందుకొట్టు పంపులను, డబ్బాలను చెఱువులో కడుగరాదు. మురుగుకాలువను చెఱువులోనికి త్రిప్పరాదు. మిల్లులవారు ధాన్యము నానబెట్టిన నీటిని శుద్ధిచేయక విడువరాదు. నిమజ్జనమునకు మట్టి వినాయకుడే కావలయును. మట్టి త్రవ్వినవారు నేల చదునుచేసి పోవలయును; లోతైన తావున నెఱ్ఱగుడ్డ కట్టిన గడ పాతవలయును. ప్రతి రేవునను పొడుగైన మోకును, వెదురుగడయు నుంచవలయును. మునుగువానికై ఈతరానివాడు దుమికిన రెండు ప్రాణములును పోవచ్చును. గట్టున నిలిచి మోకో చీరయో విసరుట మేలు. ఉఱుము విన్నంతనే నీటిని, ఒంటిచెట్టు నీడను విడిచి యింట చేరవలయును.

చెఱువు సర్కారుదని తప్పుకొను భూస్వాములు తమ బావులలోని యూట యెక్కడిదో యోచింతురుగాక. కాలువ కట్టిననాడు ఆ బావియే దిక్కు. రానున్న వానకారునకు ముందే ప్రతి గ్రామపంచాయతీయు చెఱువునకొక కాపరిని నియమించి, వాని జీతమునకు ఆయకట్టుదారులు ఎకరమునకింతయని చందా వేసికొందురుగాక. నీరటికానికి ధాన్యము కొలిచిన తాతల మనుమలకు ఇది క్రొత్త భారము కానేరదు.